కప్పిన చెయ్యి

మా అమ్మా నేనూ ఒకే క్లాసు. మీరు సరిగ్గానే చదివారు. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్, మొదటి సంవత్సరం, ఇద్దరమూను. ఆవిడ ఒకప్పుడు ఇదే కోర్సులో చేరింది. నేను కడుపున పడ్డాక వాంతులతో క్లాసులో కూర్చోలేక మధ్యలో మానేసింది. నా డిగ్రీ అయ్యాక నేను దరఖాస్తు పెడుతుంటే పక్కన నిలబడి, "నేనూ పెట్టనా?" అంది. సరదాకి అంటోందనుకుని "పెట్టు, పోయేదేముంది" అన్నాను. సీటొచ్చింది. నా ప్రాణం మీదికొచ్చింది.

మేం తల్లీకూతుళ్ళమని క్లాసులో ఎవరికీ తెలియదు. అది నేను పెట్టిన షరతు. "నీ పేపరు నేను రాశానని, నా లెక్కలు నువ్వు చేశావని అనుమానపడతారమ్మా. తెలియకపోతేనే మంచిది" అని నమ్మబలికాను. అమ్మ కాసేపు ఆలోచించి "అదీ నిజమేలే" అంది. అప్పట్నుంచి వేరే వేరే బస్సుల్లో వెళ్తున్నాం. గేటు దాటాక ఆవిడ నాకూ అందరిలాగే ఆంటీ. నావి నాన్న పోలికలు కాబట్టి బతికిపోయాను. ఇద్దరి ఇంటిపేరూ ఒకటేమిటని ఎవరో అడిగితే, "ఇంటిపేర్లు తక్కువ, మనుషులు ఎక్కువ, ఏం చేస్తాం" అని అమ్మే గట్టెక్కించింది.

అసలు కారణం అనుమానాలూ కాదు, వల్లకాడూ కాదు. సిగ్గు. ఆ సంగతి అమ్మకు తెలియకూడదు, నా భయమంతా అదే. తెలిస్తే పల్లెత్తు మాట అనదు, చప్పుడు చేయకుండా చదువు మానేస్తుంది. మొదటిసారి నా మూలాన మానేసిందంటే, అప్పటికి నేనింకా పుట్టనైనా లేదు. మళ్ళీ నా మూలానే మానేస్తే నేను ఏ మొహం పెట్టుకుని తిరగాలి?

సిగ్గెందుకంటారా? మొదటి బెంచీలో కూర్చుంటుంది. అర్థం కాకపోతే అర్థం కాలేదంటుంది, అదీ క్లాసంతా వినేలా. మేమంతా అర్థమైనట్టు మొహాలు పెట్టి ఇంటికెళ్ళి జుట్టు పీక్కునే రకం. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ చెప్పిన రోజు, ఒక్కో షరతూ వచ్చి పడేకొద్దీ ఒక్కో స్వేచ్ఛ పోతుందని సారు అనగానే, "అయితే పెళ్ళయినవాళ్ళకి సున్నాయేనా సార్?" అంది. క్లాసు గొల్లుమంది. సారు కూడా సుద్దముక్క పక్కన పెట్టి మరీ నవ్వారు. నాకు మాత్రం భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. అందరూ ఆవిడతో కలిసి నవ్వారో, ఆవిడను చూసి నవ్వారో గానీ నా చెవికి మాత్రం రెండోదే వినబడింది.

ఆ రోజు శాంప్లింగ్ ప్రాక్టికల్. దానికి రోల్ నంబర్ల వరసన కూర్చోబెడతారు. ఇంటిపేరు పుణ్యమా అని అమ్మ నా పక్కనే.

"మనుషులకి బయటికి చెప్పుకోలేని సంగతులుంటాయి," అంటూ మొదలుపెట్టారు సారు. "నేరుగా అడిగితే అబద్ధం చెప్తారు. వాళ్ళ గుట్టు వాళ్ళ దగ్గరే ఉండాలి, మనకి లెక్క తెలియాలి. ఎలా? తలా ఒక నాణెం తియ్యండి."

ఈ కాలంలో నాణేలెవరి దగ్గరున్నాయి! అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అమ్మ తన సంచిలోంచి చిల్లర తీసి, "మళ్ళీ ఇచ్చెయ్యాలి, బస్సుకి కావాలి నాకు" అంటూ బెంచీ బెంచీకీ పంచిపెట్టింది. నేను తల వంచుకుని నా నాణెం తీసుకున్నాను.

పద్ధతి చాలా తేలిక. నాణెం ఎగరేసి ఎడమచేతి మీద పట్టుకుని కుడిచేత్తో కప్పెయ్యాలి. పక్కవాళ్ళకు కనబడకుండా చూసుకోవాలి. బొమ్మ పడితే, ప్రశ్న ఏదైనా సరే, చెయ్యెత్తాలి. బొరుసు పడితే నిజం చెప్పాలి: అవునైతే ఎత్తాలి, కాదైతే ఊరుకోవాలి.

"కాబట్టి ఎత్తిన చెయ్యి నిజమో, నాణెం చలవో ఎవరికీ తెలీదు," అన్నారు సారు. "నాణేల పుణ్యాన సగం చేతులు ఎలాగూ లేస్తాయి. సగం కన్నా పైన ఎన్ని లేస్తే అదీ మనకి కావలసిన సమాచారం. సరే, ఏం అడుగుదాం?"

"కాపీ కొట్టారా అని అడగండి సార్!" వెనకబెంచీ నుంచి మైకు అరిచాడు. వాడి గొంతుకి మేం పెట్టుకున్న పేరది.

"వద్దురా బాబూ, సగం కన్నా పైనే లేస్తాయి, నా ఉద్యోగం ఊడుతుంది."

"అయితే, ఇంట్లో ఎవర్నైనా మావాళ్ళని చెప్పుకోడానికి సిగ్గుపడుతున్నారా అని అడగండి సార్. మా బావ ఒకడున్నాడు లెండి..."

మళ్ళీ నవ్వులు. సారుకి ప్రశ్న నచ్చింది. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసేశారు.

బొమ్మ పడితే బాగుండు, పీడా పోతుంది అనుకుంటూ ఎగరేశాను. కప్పిన వేళ్ళ సందులోంచి చూశాను. బొరుసు.

అబద్ధం చెప్పొచ్చుగా అంటారు. ఇంట్లో ఎన్నైనా చెప్తాను గానీ లెక్కలో అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. ఒక్కరు అబద్ధమాడినా అంచనా పాడవుతుంది. పైగా, ఇందరి చేతుల మధ్య నా చెయ్యి ఎవరు గుర్తుపడతారు? ఇన్నాళ్ళూ లోపల కుక్కుకున్న మాటను ఒక్కసారి, ఎవరికీ తెలియకుండా, బయటపెట్టేసుకోవచ్చు. ఆ ఆలోచనకే ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

సారు "ఎత్తండి" అన్నారు. ఎత్తాను.

కప్పిన చెయ్యే ఎత్తాను. ఎడమచెయ్యి బల్ల మీద అలాగే ఉంది, దాని మీద నాణెం బొరుసు పైకి పెట్టుకుని తళతళా మెరుస్తోంది. పక్కకి చూశాను. అమ్మ దాన్నే చూస్తోంది. తర్వాత ఎత్తి ఉన్న నా చెయ్యి వంక చూసింది. తర్వాత బోర్డు వంక తిరిగింది. ఆవిడ చేతులు రెండూ ఒకదాని మీద ఒకటి, బల్ల మీదే ఉన్నాయి.

ఇప్పుడు చెయ్యి దించినా ఒకటే, నాణెం దాచినా ఒకటే.

సారు లెక్కపెట్టారు. సరిగ్గా సగం. "భేష్! అంచనా సున్నా. అంటే ఈ క్లాసులో ఇంటివాళ్ళని చూసి సిగ్గుపడే మనిషి లేనట్టే" అన్నారు. మైకు ఈల వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఏం చెయ్యను మరి.

అమ్మ లేచి నిలబడింది.

"సున్నా వచ్చిందంటే ఒక్కళ్ళు కూడా లేరనా సార్? ఎవరో ఒకళ్ళు ఉండొచ్చా?"

"ఉండొచ్చమ్మా. ఒకళ్ళో ఇద్దరో అయితే ఈ పద్ధతికి దొరకరు. మనుషుల్ని పట్టుకోడానికి కాదు కదా ఇది."

"పోన్లెండి," అని కూర్చుని రాసుకోవడం మొదలెట్టింది. రాత ఎప్పటిలాగే గుండ్రంగా, తొణక్కుండా ఉంది. నేను గంటసేపు ఒక్క అంకె వెయ్యలేదు.

క్లాసయ్యాక మెట్ల మలుపులో పట్టుకున్నాను. అటూ ఇటూ చూసి, "అమ్మా, నాకు బొమ్మే పడింది" అన్నాను. ఇంతకన్నా నీచం ఇంకోటి ఉంటుందా!

"ఏం పడిందో చూశానే," అంది.

ఏడుపు తన్నుకొచ్చింది. "చదువు మానేస్తావా?"

"ఎందుకే మానెయ్యడం? ఒకసారి మానేశాగా నీకోసం. ప్రతిసారీ ఎక్కడ మానను?" గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "నువ్వు సిగ్గుపడుతున్నావని నాకు ముందే తెలుసు. ఆ మాత్రం తెలీకుండా పెంచానా నిన్ను?"

ఇన్ని నెలలూ తెలిసే వేరే బస్సెక్కింది. తెలిసే ఆంటీ అనిపించుకుంది. నేనేదో తెలివిగా దాచానని మురిసిపోయాను. చెప్పుచ్చుకు కొట్టినట్టయింది.

"మరి నువ్వు చెయ్యెత్తలేదు," అన్నాను.

"బొరుసు పడింది. నిజం చెప్పమన్నారుగా. నా కూతురివని చెప్పుకోడానికి నాకేం సిగ్గు?"

ఇంతలో మైకు రెండేసి మెట్లు దూకుతూ వచ్చాడు. నా కళ్ళు చూసి ఆగిపోయాడు. "ఏంటి ఆంటీ, ఏమైంది తనకి?"

చెప్పాల్సింది నేను. నోరు తెరిచాను కూడా. మా అమ్మ. రెండే మాటలు. వాడి వెనక ఇంకో నలుగురు దిగి వస్తున్నారు, వాళ్ళ వెనక సారు. ఆ రెండు మాటలూ నాలిక మీదే ఉండిపోయాయి.

అమ్మ ఒక్క క్షణం నా వంక చూసింది. ఎదురుచూసింది. తర్వాత సంచి భుజానికి సర్దుకుని, "ఏం లేదు నాన్నా, ఇందాకటి లెక్కలో ఏదో డౌటంట" అంది.

నేను అవునని తలూపాను.