ముప్పై సెంటీమీటర్ల అట్ట

భావనారాయణ మేస్టారు ఆరో చాక్‌పీసును రెండుగా విరిచి జేబులో వేసుకున్నారు. విరవని చాక్‌పీసు బోర్డు మీద కీచుమంటుంది, విరిచింది అనదు. స్టాఫ్‌రూమ్ గడియారం పదకొండుంబావు చూపిస్తోంది. నాలుగో పీరియడుకు ఇంకో పావుగంట ఉంది.

కుర్చీ కాలికి ఆనించిన చేతిసంచిలోంచి ఒక అట్ట పైకి పొడుచుకొచ్చింది. చీరల పెట్టె అట్ట. ముప్పై సెంటీమీటర్లు పొడవు, ముప్పై వెడల్పు. తొమ్మిదేళ్ళ కిందట బ్లేడుతో కోసి చతురస్రం చేశారు. అప్పటినుంచి ప్రతి ఫిబ్రవరిలో అది పొద్దున బడికి వస్తుంది, సాయంత్రం ఇంటికి వెళ్తుంది. ఇవాళ విజయనగరంలో బస్సుకు బయలుదేరుతుంటే భార్య బాలసరస్వతి కత్తెర కూడా చేతికిచ్చింది.

"దీన్ని మళ్ళీ ఇంటికి తెచ్చారంటే అప్పడాల డబ్బాకి మూత చేసేస్తాను," అంది.

గజపతినగరం దాటాక రోడ్డు పక్కన ఉంది ఆ మిషన్ బడి. అక్కడ పదకొండో తరగతికి కాలిక్యులస్ చెప్పడం ఆయన పని. జూన్‌లో అవధులతో మొదలవుతుంది, ఫిబ్రవరిలో గరిష్ఠ కనిష్ఠాలతో పూర్తి కావాలి. ఇరవయ్యేడేళ్ళలో ఒక్కసారీ కాలేదు. చివరి అభ్యాసంలో చివరి లెక్క ఎప్పుడూ మిగిలిపోయేది. చదరపు అట్టకు నాలుగు మూలలా సమానమైన చదరపు ముక్కలు కోసి, అంచులు మడిచి, మూతలేని పెట్టె చేయాలి. ఎంత కోస్తే పెట్టెలో ఎక్కువ పడుతుంది? అదీ లెక్క. ఒక ఏడు తుఫాను అడ్డొచ్చింది. ఒక ఏడు ఎన్నికలు. రెండేళ్ళు కరోనా. మిగతా అన్నేళ్ళూ ప్రార్థన.

ఆ బడిలో ప్రతి పీరియడూ ప్రార్థనతో మొదలవుతుంది. పిల్లలు వంతులవారీగా చేస్తారు. ఎంతసేపు చేయాలన్న నియమం లేదు. మధ్యలో ఆపకూడదన్న నియమం ఉంది. ప్రార్థన ఎంత పొడుగైతే కాలిక్యులస్ అంత పొట్టి అని ఏ బ్యాచ్‌కూ ఒకరు చెప్పవలసిన అవసరం రాలేదు. మేస్టారు మాత్రం కళ్ళు మూసుకోరు. ఆయన గుడి పూజారుల ఇంటి మనిషి కావడం వల్ల కాదు, గడియారం చూడాలి కాబట్టి. నిమిషాలు డైరీ అంచున రాసుకునేవారు. జూన్‌లో రెండు, దసరా దాటాక ఆరు, జనవరిలో పదకొండు. ఒక ఏడాది ఆ పెరుగుదల రేటును బోర్డు మీద లెక్క కట్టి చూపించారు. మర్నాటి నుంచి పద్నాలుగు అయింది.

ఇవాళ పరీక్షలకు ముందు చివరి పీరియడు. ఆయన ఉద్యోగానికీ ఇదే చివరి రోజు. సన్మానం శనివారమే అయిపోయింది. శాలువా కప్పి, గోడ గడియారం ఇచ్చారు. ఇవాళ్టి ప్రార్థన వంతు రాజకుమారిది. నెల్లిమర్ల జూట్ మిల్లు కార్మికుడి కూతురు. ఆమె రికార్డు పంతొమ్మిది నిమిషాలు.

మేస్టారు లేచి ప్రిన్సిపాల్ గదికి వెళ్ళారు. ప్రిన్సిపాల్ ధనరాజ్ ఆయన మొదటి బ్యాచ్ విద్యార్థి.

"ఇవాళొక్కరోజు ప్రార్థన కొంచెం కుదించమని పిల్లలకి చెప్పగలవా, ధనరాజ్?"

ధనరాజ్ లేచి నిలబడ్డాడు. "నేనెలా సెప్తానండి? మా బ్యాచ్‌లో అందరికన్నా ఎక్కువసేపు సేసింది నేనే కదండి."

"తెలుసు. డైరీలో ఉంది."

"అయినా మేస్టారూ, వొంతు పిల్లలదేనని ఎవులు సెప్పారండి? మేస్టర్లు కూడా సెయ్యొచ్చు. సైన్సు సుహాసిని మేడం రోజూ తనే సేసుకుంటాది. అర నిమిషం."

మేస్టారు ఇరవయ్యేడేళ్ళు ప్రార్థన పొడవు లెక్క కట్టారు గాని, దాన్ని ఎవరు చేయవచ్చో ఎవరినీ అడగలేదు.

"ముందే చెప్పొచ్చు కదా."

"మీరు అడగలేదు కదండి."

ఆయన క్లాసులోకి వెళ్ళేసరికి రాజకుమారి చున్నీ తల మీద కప్పుకుని నిలబడి ఉంది. వెనక బెంచీలో కొండబాబు బల్ల మీద తల వాల్చే ఏర్పాట్లలో ఉన్నాడు.

"కూర్చోమ్మా. ఇవాళ నేను చేస్తాను."

"ఈయాల నా వొంతండి!"

"నాకియ్యి తల్లీ."

ముప్పై నలుగురూ ఆయన వైపు చూశారు. కొండబాబు తల ఎత్తాడు. మేస్టారు చేతులు కట్టుకుని, ఆ గదిలో మొదటిసారి కళ్ళు మూసుకున్నారు.

"ప్రభువా, నలభై నిమిషాలున్నాయి. ఒక లెక్క మిగిలింది. ఆమెన్."

"అయిపోనాదా?" అన్నాడు కొండబాబు.

"అయిపోయింది. పుస్తకం తియ్యి."

కోసే ముక్క భుజాన్ని ఎక్స్ అనుకున్నారు. పెట్టె ఘనపరిమాణం రాశారు, అవకలనం చేశారు, సున్నాకు సమానం చేశారు. రెండు జవాబులు వచ్చాయి. అయిదు, పదిహేను.

"పదిహేను కోస్తే పెట్టేటండీ, అట్టే ఉండదు," అంది రాజకుమారి. ఆమెకు కోపం ఇంకా తగ్గలేదు.

"అందుకే దాన్ని వదిలేస్తాం. అయిదు."

"నాలుగు కోస్తే ఎక్కువ పట్టదేటండీ?" అని కొండబాబు అడిగాడు. ఆ ఏడాదిలో లెక్క గురించి అతను అడిగిన మొదటి ప్రశ్న అది.

మేస్టారు తన చేతిలోని చాక్‌పీసు అతనికిచ్చి పక్కకు జరిగారు. కొండబాబు బోర్డు దగ్గర నాలుగు నిమిషాలు తీసుకున్నాడు. నాలుగు కోస్తే పంతొమ్మిది వందల ముప్పయ్యారు. ఆరు కోస్తే పంతొమ్మిది వందల నలభై నాలుగు. అయిదు కోస్తే రెండు వేల ఘన సెంటీమీటర్లు.

"అంటే రెండు లీటర్లు! పెద్ద కూల్‌డ్రింకు సీసాడు," అన్నాడు. "ఇలాటిదని ముందే సెప్పుంటే పడుకోకపోదును కదండి."

మేస్టారు అట్ట బయటికి తీశారు. స్కేలు పెట్టి గీతలు గీసి, నాలుగు మూలలూ కోశారు. అంచులు మడిచారు. రాజకుమారి మూలలు పట్టుకుంది, ఆయన టేపు అంటించారు. పెట్టె బల్ల మీద నిలబడింది.

గడియారం చూశారు. ఇంకా పన్నెండు నిమిషాలు ఉన్నాయి. సిలబస్ అయిపోయింది. అలాంటప్పుడు ఏం చేయాలో ఆయనకు తెలియదు. పిల్లలకూ తెలియదు. డస్టరు తీశారు, బోర్డు తుడవబుద్ధి కాలేదు, మళ్ళీ పెట్టేశారు.

"మేస్టారూ," రాజకుమారి లేచింది. "ఇప్పుడు సేసుకోనాండి?"

"చెయ్యమ్మా."

ఆమె చున్నీ సర్దుకుంది. అందరూ కళ్ళు మూసుకున్నారు. మిల్లు మూతపడకుండా చూడమంది. రాయగడ రోడ్డు మీద బస్సు డ్రైవర్లకు నిద్ర రాకుండా కాపాడమంది. ప్రిన్సిపాల్ గారి షుగర్ తగ్గించమంది. బొబ్బిలిలో ఉన్న మేనత్త మోకాలు బాగు చేయమంది. మేస్టారు అలవాటు కొద్దీ గడియారం చూస్తున్నారు. ఏడో నిమిషం నడుస్తోంది.

"మా నెక్కల మేస్టార్ని సూడు ప్రభువా. రేపట్నించి ఆయనకి ఏటి తోస్తాదో తెల్దు..."

ఇన్నేళ్ళ జాబితాల్లో ఆయన ఎన్నడూ లేరు. కొంచెంసేపు విన్నారు. తర్వాత జేబు ఖాళీ చేసి, కత్తెర సంచిలో వేసుకుని, చప్పుడు కాకుండా చెప్పులు చేత్తో పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయారు.

గంట కొట్టాక కూడా ప్రార్థన సాగింది. ఎవరూ కదల్లేదు. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి బల్ల దగ్గర మనిషి లేడు. అట్ట పెట్టె ఉంది. అందులో విరిచిన చాక్‌పీసులు పదకొండు ఉన్నాయి. పన్నెండోది ఇంకా కొండబాబు చేతిలోనే ఉంది.