మైకు పట్టుకున్నవాడి ఆదివారం

ఆదివారం పొద్దున ఆమె వంట ముగించి, రెండు కంచాలు కడిగి బోర్లించి, కిటికీ దగ్గరకు వచ్చి నిలబడింది. వీధి చివర సభల హాలు. కాసేపటికి దాని గోడకు బిగించిన లౌడ్‌స్పీకరు గరగరలాడింది.

"హలో, హలో. మైక్ టెస్టింగ్. వినబడుతోందా?"

"వినబడుతోంది" అంది ఆమె కిటికీ ఊచలతో.

ఆ గొంతు ఆమె భర్తది. ఆ వారం మొత్తంలో మెలకువగా ఉండి ఆమె విన్న భర్త గొంతు దాదాపు అదొక్కటే. నవ్వకండి. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరికొకరు కరువైపోయిన ఆలుమగలు మీ వీధిలోనూ ఉంటారు. మనం తలెత్తి చూడం, అంతే.

ఆమెది రెడీమేడ్ బట్టల కొట్టులో ఉద్యోగం. వచ్చినవాళ్ళు విప్పి పడేసిన చొక్కాలు మళ్ళీ మడతపెట్టి బొత్తులు పేర్చాలి. పొద్దున వెళితే చీకటి పడ్డాక రావడం. అతను సభల హాలులో మైకు ఆపరేటరు. మధ్యాహ్నం వెళ్ళి వైర్లు పరిచి, చివరి వక్త చివరి మాట అయ్యేదాకా ఉండి, వైర్లు చుట్టి వచ్చేసరికి ఆమె ఒక నిద్ర తీసేది. ఆమె బయలుదేరే వేళకు అతను దుప్పటి ముసుగులో ఉండేవాడు. ఆమె అతనికి అన్నం మూతపెట్టి వెళ్ళేది. అతను ఆమెకోసం ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసి వెళ్ళేవాడు. మూడేళ్ళ కాపురం ఎక్కువగా ఆ గిన్నె మూతా, ఆ ఫ్లాస్కు మూతా తీసుకోవడంతోనే గడిచింది.

పోనీ సెలవురోజైనా కలిసొచ్చిందా అంటే, ఆమెకు బుధవారం, అతనికి ఆదివారం. "మన సెలవులు ఎదురింట్లో ఒకటీ, పక్కింట్లో ఒకటీ కాపురం పెట్టాయే" అని అతను కొత్తలో నవ్వించేవాడు. తర్వాత ఆ జోకు పాతబడింది. ఆమె కోరికా పెద్దదేమీ కాదు. ఒక్క సెలవురోజున ఒకే చాప మీద పక్కపక్కన కూర్చుని, వేడన్నం తినాలి. ఏమీ మాట్లాడుకోకపోయినా ఫరవాలేదు.

ఇలా ఉండగా ఆ నియోజకవర్గం శాసనసభ్యుడు ఒక చట్టం తెచ్చారు. ఆయన పాతకాలపు విలువల మనిషి. మద్యం దుకాణాల వేళలు పెంచబోతే అడ్డం నిలబడ్డారు. ఖజానా ఖర్చు మాటెత్తితే "ఇంట్లో బియ్యం డబ్బా చూసుకోకుండా చుట్టాలను పిలుస్తామా?" అని నిలదీసేవారు. ఎదుటిపక్షం వాళ్ళు ఆయన్ను చాటుగా "చాదస్తం గారు" అనేవారు. ఆయన చెవిన పడితే, "చాదస్తమే నాయనా, ఇల్లు నిలబెట్టేది" అనేవారు. నిజాయితీపరుడు, అందులో అనుమానం లేదు. దుకాణాలూ కర్మాగారాలూ అన్నీ ఆదివారం మూసేయాలనీ, ఆ ఒక్కరోజు ఇంటిల్లిపాదీ కలిసి గడపాలనీ ఆ చట్టం. పెద్ద పెద్ద వ్యాపారులు మినహాయింపులు అడిగారు. ఆయన చెవిన వేసుకోలేదు. ఆసుపత్రులూ బస్సులూ తప్ప అన్నీ మూతపడాలన్నారు, మూయించారు.

చట్టం వచ్చిందని తెలిసిన రోజు కొట్టులో ఆమె చొక్కాలు తలకిందులుగా మడతపెట్టింది. పక్కన పనిచేసే పెద్దావిడ చూసి, "ఏమే పిల్లా, మనసు అప్పుడే ఆదివారంలో పడిందా? చొక్కా కాలర్లు నేల చూస్తున్నాయి" అంది.

"అదేం లేదక్కా" అంటూనే ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. ఇంటికెళ్ళే దారిలో కొత్త చాప కొంది.

చేతికందింది నోటికందలేదు. చాప వచ్చిన వారమే హాలు పద్ధతి మారింది. శాసనసభ్యుడికి మొదటినుంచీ ఒక మంచి అలవాటు ఉంది. శాసనసభలో తాను చేసిన పనేమిటో వారం వారం హాలులో నిలబడి జనానికి ఒప్పజెప్పేవారు. అది బుధవారం సాయంత్రం జరిగేది. ఇప్పుడు ఆదివారం అందరికీ తీరికే గదా అని, ఆయన మంచి మనసుతోనే దాన్ని ఆదివారం పొద్దుటికి మార్చారు. ఆయన్ని చూసి మిగతా సంఘాలవాళ్ళూ ఆదివారాలే అడిగారు. పొద్దుటినుంచి రాత్రిదాకా హాలు ఖాళీ లేదు. హాలు మేనేజరు మైకు ఆపరేటరును పిలిచి, "నీ సెలవు ఇకమీద బుధవారం" అన్నాడు.

ఆమె ఆ రోజు నిద్ర ఆపుకుని కూర్చుంది. అతను చెప్పగానే, "రానని చెప్పలేకపోయారా?" అంది.

"చెప్తే ఇంకొకణ్ణి పెట్టుకుంటారు. అప్పుడు వారమంతా నీ పక్కనే కూర్చుంటాను. కంచంలోకే ఏమీ ఉండదు."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చాప చుట్ట విప్పకుండానే తలుపు వెనక నిలబెట్టింది. అప్పటినుంచీ ఆదివారాలు కిటికీ దగ్గర గడిచాయి. భర్త టెస్టింగ్ ముగించగానే లౌడ్‌స్పీకరులోంచి శాసనసభ్యుడి గొంతు వచ్చేది, కుటుంబం ఎంత గొప్పదో చెబుతూ. బోర్లించిన రెండో కంచం వైపు చూస్తూ ఆమె ఒక్కతే తినేది.

మొదట చెప్పిన ఆ ఆదివారం మాత్రం ఆమె తినలేకపోయింది. అన్నం క్యారియర్‌లో సర్దుకుని, తలుపుకు తాళం వేసి, సభకు బయలుదేరింది.

హాలు నిండుగా ఉంది. వేదికకు కుడిపక్కన గోడవారగా యాంప్లిఫయరు బల్ల, దాని వెనక స్టూలు మీద అతను. ఆమె అతను బాగా కనిపించే చోటు వెతుక్కుని కూర్చుంది. మీటల మీద ఉన్న అతని చూపు పైకి లేవలేదు. చెంపల దగ్గర కాస్త జుట్టు నెరిసిందని ఆమె అప్పుడే చూసింది. ఎప్పుడు నెరిసిందో ఆమెకు తెలియదు.

శాసనసభ్యుడు కాగితాలు తిరగేస్తూ ఆ వారం ముచ్చట్లు చెబుతున్నారు. ఫలానా పన్ను పెంచనివ్వలేదు. బడికి దగ్గర్లో జూదం క్లబ్బు రానివ్వలేదు. ఆదివారం చట్టాన్ని నీరుగార్చాలని సవరణ పెడితే ఓడించాం. "ఒక్క మినహాయింపు కూడా ఇవ్వలేదు" అని, అలవాటుగా ఆగి అడిగారు. "వెనకవాళ్ళకు వినబడుతోందా?" వెనకనుంచి చేతులు లేచాయి.

అప్పుడు ఆయన కంట పడింది. ఇంతమంది తనవైపు చూస్తుంటే ఒకే ఒక్క మనిషి మెడ కుడివైపుకు తిప్పుకుని ఉంది.

"ఏమ్మా, నాతో అలిగావా? ఏదైనా అడగాలంటే మొహమాటపడకు" అన్నారు.

జనం నవ్వారు. ఆమె గాభరాగా లేచి నిలబడింది. ప్రశ్న అడిగేవాళ్ళ దగ్గరకు మైకు తీసుకెళ్ళడం ఆపరేటరు పని. అతను చేతిమైకు తీసుకుని, వైరు లాక్కుంటూ, కుర్చీల మధ్యనుంచి గబగబా వచ్చి తలెత్తి చూశాడు. ఎదురుగా భార్య. చెయ్యి ఆగిపోయింది. అయినా పని పనే గనక, మైకు ఆమె నోటి దగ్గర పెట్టాడు.

అంత దగ్గరగా, పట్టపగటి వెలుతురులో ఆమె అతన్ని చూసి ఎన్నాళ్ళయిందో. అడగవలసినదంతా ఎగిరిపోయింది.

"తిన్నారా?" అంది.

ఆ మాట హాలంతా మారుమోగింది. బయట లౌడ్‌స్పీకరులోంచి వీధి వీధంతా వినబడింది. పకపకమని నవ్వులు. మేనేజరు గుమ్మం దగ్గరనుంచి మైకు తీసేయమని సైగ చేశాడు. అతను తీయబోయాడు.

"ఉండనివ్వు బాబూ" అన్నారు శాసనసభ్యుడు. "ఎవర్నమ్మా అడుగుతున్నావు?"

"మా ఆయన్నండి." ఆమె మైకు పట్టుకున్నతన్ని చూపించింది. "ఈయనేనండి. క్షమించండి, నేను మీ మాటలు వినడానికి రాలేదు. మీ చట్టం వచ్చాక నాకు ఆదివారం సెలవిచ్చారు. సంతోషంతో చాప కూడా కొనుక్కున్నాను. ఈయన మాత్రం మీ సభకు మైకు పెట్టడానికి వచ్చేశారు. ఇంట్లోంచి గొంతు వినబడుతుంది. మనిషిని చూసుకుందామని వచ్చాను. మీరు కాదండి, ఈయన."

నవ్వులు ఆగిపోయాయి. శాసనసభ్యుడి మొహంలో రంగు మారింది. ఏదో సర్దిచెప్పబోతూ అలవాటుగా మొదటి వరసలో ఉన్న తన భార్య వైపు చూశారు. ఏ సభకైనా ఆవిడ వచ్చి అక్కడే కూర్చునేది. తన పనిమీద ఆవిడకు అంత శ్రద్ధ అని ఆయన నలుగురితో గర్వంగా చెప్పుకునేవారు.

ఆవిడ మెల్లగా అంది. "నేనూ అందుకే వస్తానండి. మీ చట్టాలేవో నాకు సరిగ్గా అర్థం కావు. ఇక్కడైతే మీరు ఇంతసేపు కదలకుండా కనిపిస్తారు గదా అని."

మైకు లేకుండా అన్న ఆ మాట వెనకవాళ్ళకు వినబడలేదు. ఆయనకు వినబడింది. దీపం కింద చీకటి అంటే ఏమిటో ఆయనకు ఆ క్షణంలో తెలిసింది. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఒక్క మినహాయింపు కూడా ఇవ్వలేదని ఇందాక గొప్పగా చెప్పాను" అన్నారు. "తప్పు చెప్పాను. ఒకటి ఇచ్చాను, నాకు నేనే ఇచ్చుకున్నాను. నా సభ జరగడానికి ఈ అబ్బాయిని ఇతని ఇంట్లోంచి పట్టుకొచ్చాను. మా ఇంటి మనిషిని కుర్చీలో కూర్చోబెట్టాను. వినబడుతోందా అని మిమ్మల్ని వారం వారం అడిగాను గానీ, నాకేమైనా వినబడుతోందా అని ఎప్పుడూ అనుకోలేదు. ఇకమీద సభ బుధవారం సాయంత్రమే. ఆదివారం ఈ హాలుకు తాళం పడాలి. మిగతా సంఘాల పెద్దలను, ఇవాళ్టి సభలవాళ్ళతో సహా, నేను బతిమాలుకుంటాను. ఇప్పుడు అందరూ ఇళ్ళకు వెళ్ళండి." కిందికి దిగి, భార్య చేతిసంచీ తాను అందుకున్నారు.

హాలు ఖాళీ అయ్యాక అతను వైర్లు చుడుతుంటే రెండో కొస ఆమె పట్టుకుంది. "తిన్నారా అని అడిగావుగా, తినలేదు" అన్నాడతను. "తెలుసు" అని ఆమె క్యారియర్ చూపించింది. ఇద్దరూ అక్కడ విప్పలేదు. ఇంటికి వెళ్ళి చాప పరుచుకున్నారు.

బుధవారం సభకు జనం సగమే వచ్చారు. ప్రత్యర్థులు వేళాకోళం చేశారు. చాదస్తం గారు వెనక్కి తగ్గలేదు. ఆదివారం పొద్దున లౌడ్‌స్పీకరు మూగబోయి ఉన్నా, ఆమె మాత్రం పాత అలవాటుకొద్దీ కిటికీ దగ్గర నిలబడింది. వెనక అతను గరిటె నోటి దగ్గర పెట్టుకుని, "హలో, హలో, వినబడుతోందా?" అన్నాడు. ఆమె వెంటనే తిరగలేదు. కళ్ళు తుడుచుకుని తిరిగింది.

పాఠక మహాశయులారా, కుటుంబం గురించి మాట్లాడటం మంచిదే, చట్టాలు చేయడం ఇంకా మంచిది. కానీ ఆ మాట మొదలుపెట్టే ముందు, మన కోసం మైకు పట్టుకున్నవాణ్ణి అన్నం వేళకు ఇంటికి పంపాలి.