పొలుసు దాకా చేప

బీవరు తోక చేప. ఆ ఏటి జంతువుకు బొచ్చున్న మిగతా ఒళ్ళంతా మాంసం. ఈ తీర్పు ఇచ్చింది బిషపుగారు. తోకకు పొలుసులుంటాయి, అది ఎప్పుడూ నీళ్ళలోనే నానుతుంది, కాబట్టి మాంసం మానే తపస్సు కాలంలో తినవచ్చునన్నారు. పొలుసు ఆగి వెంట్రుక మొదలైన చోట చేప అయిపోతుంది. అక్కడి నుంచి వేలెడు ఎగువన తిన్నా మాంసం తిన్నట్టే. తపస్సు కాలంలో మాంసం తిన్నవాడి పళ్ళు రాలగొట్టాలని రాజు చట్టం. పక్క దేశాలవాళ్ళు ఇంకా పందుల్ని కాలుస్తుండగానే మాకు ఆ కాలం మొదలవుతుంది.

మేము నోటెచ్ ఏటి వంకలో రాజుగారి బీవర్లు పట్టేవాళ్ళం. చర్మాలు రాజువి. ఒళ్ళు మామూలు రోజుల్లో మాది, తపస్సు కాలంలో రాజుగారి వేటకుక్కలకు కుప్ప పోయాలి. తోకలు ఊరు పంచుకుంటుంది. వాటిని కోసేవాడు ఊరికి ఒక్కడే. వాడి కత్తి ఎగువకు పోయిందని తేలితే వాడి కుడిచెయ్యి నరుకుతారు. తిన్నవాడు తెలియక తిన్నట్టు లెక్క, చర్చి గుమ్మంలో మోకాళ్ళ మీద నిలబెట్టి వదిలేస్తారు. కత్తి సరిగ్గానే పడిందంటే మాత్రం ఆ పైది తెలిసే తిన్నట్టు, తిన్నవాడి పళ్ళు పోతాయి. ఎవరిదో ఒకరిది పోవాలి.

కొట్టేది రాజు మనుషులు కాదు. దోషికి దగ్గరి మగ చుట్టం కొట్టాలి. అప్పుడు పగ ఇంట్లోనే ఉండిపోతుంది, కోట దాకా రాదు. ఈ పద్ధతి ఎవడు కనిపెట్టాడోగాని బుర్ర ఉన్నవాడు.

నిరుడు తపస్సు కాలంలో నా భార్య బోగ్నాకు కాన్పయింది. బిడ్డ దక్కలేదు. ఆమె లేచి కూర్చోలేకపోయింది. ఇంట్లో వరిగల గంజి, ఎండుచేప తప్ప ఏమీ లేదు. అప్పట్లో తోకలు కోసేవాడు ఆమె తమ్ముడు సులిమిర్. అక్క మీద ప్రేమతో ఒక తోకను బెత్తెడు ఎగువన కోశాడు. వెంట్రుకలు గీకేసి, ఎవరికీ చెప్పకుండా తెచ్చిచ్చాడు. నేను ఉచ్చుల దగ్గర ఉన్నాను. వాళ్ళమ్మ మిలోహ్నా వండిపెట్టింది.

ఏటి మంచు విరిగాక చర్మాల కోసం రాజుగారి అధికారి వోయ్‌స్లావ్ వస్తాడు. వచ్చినప్పుడు ప్రతి ఇంటి కుండలోనూ గరిటె పెట్టి చూస్తాడు. మా కుండలోంచి ఒక తోలు ముక్క పైకి తీశాడు. మడతలో వెంట్రుకలు మిగిలి ఉన్నాయి.

నేను ఏటి నుంచి వచ్చేసరికి బోగ్నాను ముంగిట్లో బురదలో కూర్చోబెట్టారు. ఆమె చీలమండల మీదికి నెత్తురు కారుతోంది, కాన్పు నెత్తురు.

"చేపకు బొచ్చు మొలిచిందేమిట్రా?" అన్నాడు వోయ్‌స్లావ్. "ఎవడ్రా కోసింది?"

సులిమిర్ ముందుకొచ్చాడు. "నేనే దొరా. పొలుసు దాకానే కోశాను. ఆ పైది కుక్కల కుప్పలోంచి తెచ్చుకునుంటుంది."

బోగ్నా తలెత్తి చూసింది. "తమ్ముడూ, నువ్వే కదరా తెచ్చిచ్చింది?"

వాడు నేలకేసి చూశాడు.

సుత్తి ముందు నా చేతికిచ్చారు. పడేశాను. నా ఎడమచెయ్యి మొద్దు మీద పెట్టి రెండు వేళ్ళు చితక్కొట్టారు. మళ్ళీ ఇచ్చారు. మళ్ళీ పడేశాను. అప్పుడు సులిమిర్‌కు ఇచ్చారు. వాడు పడేయలేదు.

మొదటి దెబ్బ పెదవి మీద పడింది. పెదవి చీలిందిగాని పళ్ళు కదల్లేదు.

"గోడకు పిడక కొడుతున్నావా? గట్టిగా కొట్టరా!" అని వోయ్‌స్లావ్ విసుక్కున్నాడు.

గట్టిగా కొట్టాడు. ఏడుస్తూనే కొట్టాడు. పళ్ళతో పాటు దవడ విరిగింది. ఆ తర్వాత దవడకు చీము పట్టింది. నీళ్ళు పోస్తే పక్కనుంచి కారిపోయేవి. తపస్సు కాలం ముగిసి పాస్కా పండుగ గంటలు మోగుతుండగా ప్రాణం పోయింది. ఆ రోజు ఊరంతా మాంసం తిన్నది.

తర్వాత సులిమిర్ కత్తి పట్టలేకపోయాడు. పెద్దలు ఆ పని నాకు ఇచ్చారు. నేను వద్దనలేదు.

వాడు చాలాసార్లు మా గుమ్మం దాకా వచ్చాడు. తలుపు తీయలేదు. ఒకసారి బయటి నుంచే అరిచాడు. "బావా, తిట్టు! తిట్టయినా తిట్టు!" నేను ఉచ్చుకు తాడు పేనుకుంటూ కూర్చున్నాను.

ఈ ఏడు చలికాలం వాడికి దగ్గు పట్టుకుంది. ఉచ్చులకు పోలేకపోయాడు. వాడూ తల్లీ గంజి మీద బతికారు. తపస్సు కాలం నడుస్తుండగా ఏటి మంచు విరిగింది. వోయ్‌స్లావ్ ఎగువ ఊరికి వచ్చాడని, పొద్దున మన ఊరికేనని కబురు తెలిసింది. ఆ పూట సులిమిర్ వంతు తోక నేను కోశాను. కత్తిని వెంట్రుకల్లోకి బెత్తెడు పోనిచ్చాను. గీకేటప్పుడు తోలు మడత కింద కొంచెం బొచ్చు వదిలేశాను. పొద్దున వోయ్‌స్లావ్ అడిగితే చెప్పాల్సిన మాట నాకు నోటికి వచ్చు. పొలుసు దాకానే కోశాను దొరా, ఆ పైది కుక్కల కుప్పలోంచి తెచ్చుకునుంటాడు. ఏడాది నుంచి అదే మాట అనుకుంటూ ఉన్నాను.

తోక వాడి చేతిలో పెట్టాను. వాడు బరువు చూశాడు. తిరగేసి కోత చూశాడు. వాడికి తెలియని కోతా అది? మొహం ముడుచుకుపోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బావా..."

"తీసుకుపో. అత్తకు వండిపెట్టు" అన్నాను.

బోగ్నా పోయాక వాడితో నేను మాట్లాడటం అదే మొదలు.

పొద్దున వోయ్‌స్లావ్ గరిటె వాడి కుండలో దిగింది. ముక్కను వెలుతురులోకి పట్టుకొచ్చి పకపకా నవ్వాడు.

"ఈ ఊళ్ళో చేపలకు ఏటేటా చలేస్తుందిరోయ్! ఎవడు తిన్నాడు దీన్ని?"

మిలోహ్నా గుమ్మంలోంచి కర్ర పట్టుకుని దిగింది. ఆమెకు నోట్లో ఒక్క పన్ను ఉంది.

"నేను తిన్నాను దొరా. రా, పీక్కో. ఉన్న ఒక్కదానికీ అంత సుత్తెందుకు, దండగ. గోటితో గిల్లితే ఊడొస్తది."

భటులు నవ్వారు. వోయ్‌స్లావ్ కూడా నవ్వాడు. "ముసలిదానా, నీ చిగుళ్ళతో బీవరు నమిలావా?"

"నానబెట్టుకుని మింగాను. నీకేం నొప్పి? మీ అమ్మ మింగట్లేదా?"

వోయ్‌స్లావ్ మొహంలో నవ్వు పోయింది. ఆమె కర్ర లాక్కుని డొక్కలో పొడిచాడు. ఆమె మెట్టు మీద కూలబడింది. నేను సులిమిర్‌ను చూస్తున్నాను. మళ్ళీ నేలకేసి చూస్తాడనుకున్నాను. తల్లిని కూడా అప్పగిస్తాడని చూస్తున్నాను. అది చూడాలనే కోశాను.

వాడు దగ్గి, ఉమ్మేసి, ముందుకొచ్చాడు.

"ఆమెకు అరగదు దొరా. తిన్నది నేను."

"తోకలు కోసేది ఎవడు?"

అందరూ నన్ను చూశారు. నేను నోరు తెరిచాను. అప్పుడు ఒక్క మాట చాలు. నేనే ఎగువన కోశానంటే వాడి పళ్ళు దక్కుతాయి, నా చెయ్యి పోతుంది. నేను చెప్పాలనుకున్నది అది కాదు. ఏడాదిగా నోటికి పట్టిన మాటే నాలుక మీదికి వచ్చింది.

అది నా నోటి నుంచి బయటపడకముందే వాడు అనేశాడు.

"బావ పొలుసు దాకానే కోశాడు దొరా. ఆ పైది కుక్కల కుప్పలోంచి నేనే తెచ్చుకున్నా."

అవే మాటలు. నా వైపు చూసి తల ఊపాడు. నువ్వు నా ఆకలి చూసి కోశావు, నీ చెయ్యి పోనివ్వనులే అన్నట్టు.

"కుక్కల నోటిదా?" అన్నాడు వోయ్‌స్లావ్. "కుక్కకున్న పళ్ళు నీకెందుకురా ఇంక? చుట్టం ఎవడు?"

చుట్టాన్ని నేనే. ఊళ్ళో వాడికి ఇంకో మగ దిక్కు లేదు.

సుత్తి నా చేతికి వచ్చింది. అదే సుత్తి. పిడి మీద నిరుటి నెత్తురు నల్లగా ఉంది. భటులు వాడి తల వెనక్కి వంచి, నోట్లో చెక్క ముక్క పెట్టారు.

"పడేస్తావా వీరుడా, నిరుటిలాగా?" అన్నాడు వోయ్‌స్లావ్. "ఇంకా వేళ్ళున్నాయిగా నీకు."

పడేయలేదు.

మొదటి దెబ్బకే పై వరస విరిగింది. గొంతులోకి పోయిన ముక్కలను వాడు కక్కాడు. నెత్తురు నా మొహం మీద చిందింది. మళ్ళీ కొట్టాను. కింది వరస లోపలికి వంగింది, రాలలేదు. అందుకని మళ్ళీ కొట్టాను. వాడి ఒళ్ళు విలవిల్లాడింది, భటుల్లో ఒకడు జారిపడ్డాడు. బోగ్నా ఇంత కొట్టుకోలేదు. ఆమెకు సత్తువ లేదు.

"చాల్లేరా!" అని వోయ్‌స్లావే అరిచాడు. "పళ్ళన్నాం, తలకాయ అనలేదు!"

ఇంకొకటి కొట్టి ఆపాను.

వాళ్ళు చర్మాలు బండికెత్తుకుని వెళ్ళిపోయారు. సులిమిర్ బురదలో బోర్లా పడి ఉన్నాడు. కాసేపటికి పాకి నా కాళ్ళ దగ్గరికి వచ్చాడు. నోరు పుండులా ఉంది. మాట తిరగలేదు. నా కుడిచెయ్యి పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూశాడు.

"తెయ్యి... దక్కిందిగా... బావా."

నేను చెయ్యి లాక్కున్నాను.

వాడు చావలేదు. దవడ నిలిచింది. బోగ్నాకు నిలవనిది వాడికి నిలిచింది. తల్లి గంజి వార్చి పోస్తుంది. పాస్కా పండుగకు మాంసం ముక్క ఉడకబెట్టి, దంచి, నోట్లో పెట్టింది. తర్వాత మా ఇంటికి వచ్చింది. కూర్చోమనలేదు, ఆమె కూర్చోలేదు.

"కావాలనే కోశావు" అంది.

"అవునత్తా."

"బొచ్చు కూడా కావాలనే వదిలావు."

"అవును."

కర్రతో నేల మీద గీతలు గీసింది. పొడిచిన డొక్క ఇంకా నొప్పేమో, చెయ్యి దాని మీదే ఉంది.

"దాన్ని కన్నది నేనే, వాణ్ణి కన్నది నేనే" అంది. "వాడికి చెప్పకు నాయనా. బావ క్షమించాడని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు. అది కూడా రాలగొట్టకు."

ఆమె వెళ్ళిపోయింది.

వాడు ఇప్పుడు రోజూ వస్తాడు. తలుపు తీసే ఉంచుతున్నాను. గట్టు మీద నా పక్కన కూర్చుని ఉచ్చు తాళ్ళు చిక్కు తీస్తాడు, చిగుళ్ళతో నవ్వుతాడు. వచ్చే ఏడు ఏటి మంచు విరిగాక, వాడు కాస్త ఒళ్ళు చేశాక, కావాలనే కోశానని చెబుతాను.