ఏడో అంకె తిరగబడలేదు

మా చుక్కల గుంపులో ఒక కట్టుబాటు ఉంది. వారంలో ఎప్పుడు తుపాకీ పేల్చినా సరే, ఆదివారం సాయంత్రంలోగా ఎవరి అట్ట ఫోటో వాళ్ళు గ్రూపులో పెట్టాలి. అట్ట మూలన బొటనవేలు కనబడాలి. ఈ బొటనవేలి గోల ఎందుకంటే, ఈ ఏడాదే చేరిన బేకరీ ఆయన మొదటి నెలలోనే నా అట్టని తనదని చెప్పి పెట్టి అందరిచేతా శభాష్ అనిపించుకున్నాడు. ఆ మనిషి బొటనవేలి మీద పొయ్యి కాల్చిన మచ్చ ఉంటుంది. అప్పట్నుంచి మచ్చ లేని అట్ట ఆయనది కాదు.

తుపాకీ అనగానే హడలిపోకండి. గాలి తుపాకీ. పది మీటర్ల దూరంలో ఒక అట్ట, దాని మధ్య నల్లటి గుండ్రం, ఆ గుండ్రం నడిమధ్య చీమ తలంత తెల్లచుక్క. చుక్కకి తగిలితే పది. పదిసార్లు పేలిస్తే వంద. మా ఆవిడ మాటల్లో చెప్పాలంటే, కాయితానికి చిల్లులు పెట్టి, ఆ చిల్లులకి ఫోటోలు తీసుకుని మురిసిపోయే పిచ్చి మాది.

ఒకప్పుడు అందరం కలిసే పేల్చేవాళ్ళం. తర్వాత ఎవరి పనులు వాళ్ళకి ఎక్కువయ్యాయి. తుపాకీ పేల్చే హాలుకి ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు వెళ్ళడం, ఆదివారం ఫోటోలు పెట్టి కబుర్లు చెప్పుకోవడం అలవాటైంది. మనుషుల్ని చూసుకోవడం తగ్గి, అట్టలు చూసుకోవడం మిగిలింది.

ఆ కబుర్లలో నా నోటికి అదుపు లేదు. నాది కళ్ళద్దాల షాపు. కళ్ళు పరీక్షచేసి కాయితం రాసిచ్చే చదువూ, ముద్రా ఉన్నాయి. అందుకని ఎవరి గురి తప్పినా ముందు వాళ్ళ కళ్ళమీదే పడతాను. రిటైరైన లెక్కల టీచరమ్మ మా గ్రూపుకి పెద్దదిక్కు. ఆవిణ్ణి కూడా వదల్లేదు. ఆవిడ మొట్టికాయలు వేస్తూనే ఉంటుంది, నేను వాగుతూనే ఉంటాను.

మా అందరిలోకీ మొనగాడు మా బావ. మా అక్క మొగుడు. స్కూలు బస్సు నడుపుతాడు. పొద్దున పిల్లల్ని దించాక మూడున్నర బెల్లు దాకా ఖాళీయే కాబట్టి, మధ్యాహ్నం ఒంటరిగా హాలుకి వెళ్ళి పేల్చుకుంటాడు. నాకు తుపాకీ పట్టుకోవడం నేర్పిందే ఆయన. ఊపిరి సగం వదిలి ఆపడం, వేలుని లాగకుండా నొక్కడం, తగలకపోతే తుపాకీని తిట్టకపోవడం, అన్నీ.

రెండు నెలల క్రితం ఒక సాయంత్రం బావ మా షాపుకి వచ్చాడు. చేతిలో స్కూలువాళ్ళ ఫారం. డ్రైవర్లందరూ ఏటా కళ్ళు పరీక్ష చేయించుకుని తేవాలి. షాపు కిటకిటలాడుతోంది. ఒక ముసలాయన ఫ్రేము వదులైందని ప్రాణం తీస్తున్నాడు. బావ పరీక్ష గది గుమ్మం దగ్గర నిలబడి లోపలి కుర్చీకేసి చూస్తున్నాడు. ముందురోజే ఆయన అట్ట ఫోటో చూశాను. తొంభై ఆరు. పది చిల్లుల్నీ ఒక్క బొత్తాంతో కప్పేయొచ్చు.

“గద్దకి కూడా కళ్ళ పరీక్షా బావా?” అని నవ్వి, ఫారం లాక్కుని, రెండు కళ్ళకీ చూపు పూర్తిగా ఉందని రాసి, ముద్ర వేసి ఇచ్చేశాను.

బావ ఒక్క క్షణం అక్కడే ఉన్నాడు. ఏదో అనబోయాడు. ముసలాయన మళ్ళీ పిలిచాడు. నేను అటు తిరిగేసరికి బావ మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మొన్న ఆదివారం దాకా ఆ సంగతి నాకు గుర్తే లేదు.

మొన్న మధ్యాహ్నం బేకరీ ఆయన ఒక సెల్ఫీ పెట్టాడు. ఓవెన్ బాగుచేసేవాళ్ళు వచ్చారట, పనిలేక వారం మధ్యలో హాలుకి వెళ్ళాడట. ముందు ఆయన పళ్ళికిలింపు, వెనక ఏడో వరుసలో గురిచూస్తున్న మా బావ. ‘గురువుగారితో నేను’ అని కింద రాశాడు.

ఒక కంటితో గురి చూసేటప్పుడు రెండో కన్ను గట్టిగా మూస్తే మొహమంతా బిగుసుకుపోతుంది. అందుకని తలకి పట్టీ పెట్టుకుని, ఆ రెండో కంటి ముందు తెల్లటి ప్లాస్టిక్ ముక్క వేలాడేలా చేస్తాం. దాన్ని మేం గంత అంటాం. ఫోటోలో బావ గంత కుడికంటి మీద ఉంది. తుపాకీ ఎడమ భుజం మీద ఉంది. మా బావ పుట్టు కుడిచేతివాటం.

టీచరమ్మే ముందు పట్టుకుంది. బావగారు ఎప్పట్నుంచి ఎడమచేతి వాటమయ్యారని అడిగింది. నేనున్నానుగా సర్వజ్ఞుణ్ణి, సెల్ఫీలో బొమ్మ అద్దంలోలా తిరగబడుతుందని, ఆ మాత్రం తెలియకుండా ఇన్నేళ్ళు పాఠాలెలా చెప్పారని ఎకసెక్కం ఆడాను. నలుగురు నవ్వు బొమ్మలు పెట్టారు. బావ చూశాడు, ఏమీ రాయలేదు.

బేకరీ ఆయన పళ్ళు చూసి నవ్వుకుందామని ఫోటో పెద్దది చేశాను. బావ వెనక గోడమీద వరుస అంకె కనబడింది. ఏడు. బొమ్మ తిరగబడితే ఏడు కూడా తిరగబడాలి కదా? అది తిన్నగా ఉంది.

ఫోను పట్టుకుని పాత ఆదివారాలన్నీ వెనక్కి తిప్పాను. ఎండల మొదట్లో తొంభై ఎనిమిది. తర్వాతి వారం తొంభై ఒకటి. ఆ పై వారం డెబ్భై నాలుగు, చిల్లులన్నీ గొర్రెల మందలా ఓ పక్కకి తోసుకుపోయి ఉన్నాయి. దాని కింద నేనే రాశాను: ‘బావా, చుక్క నిన్ను చూసి సిగ్గుపడి తప్పుకుంటోందా?’ ఆ తర్వాత భుజం నొప్పని కొన్ని వారాలు ఫోటో లేదు. మళ్ళీ ఎనభై, ఎనభై తొమ్మిది, తొంభై ఆరు. కుడికన్ను పోతుంటే ఆయన ఎడమకంటికి విద్య నేర్పుకున్నాడు. ఏ అట్టని చూసి నేను ముద్ర వేశానో, అది ఎడమకన్ను కొట్టిన అట్ట.

ఊరందరి కళ్ళూ చూసేవాణ్ణి. దీపం కిందే చీకటి.

వెంటనే ఫోను చెయ్యాలి. చెయ్యలేదు. అక్క గురించి ఆలోచిస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. బావ సర్వీసు ఇంకా మూడేళ్ళుంది, ఇల్లు ఆ జీతం మీదే నడుస్తోంది. అదంతా నిజమే. కానీ అబద్ధం ఎందుకు, అసలు భయం నా ముద్ర గురించి. పరీక్ష చెయ్యకుండా రాసిచ్చానని తెలిస్తే దాన్ని లాగేసుకుంటారు. ఆ రాత్రికి, రేపు చూద్దాం, రేపు నెమ్మదిగా మాట్లాడదాం అనుకుంటూ పడుకున్నాను.

తెల్లవారాక నేను చేసిన పని ఒక్కటే. రోజూ బావ బస్సులోనే వెళ్ళే మా పాపని బస్సు ఎక్కనివ్వలేదు. అటువైపు పనుందని చెప్పి స్కూటరు మీద నేనే తీసుకెళ్ళాను. మామయ్య బస్సులో కిటికీ సీటు తనదని, ఇంకెవరో కూర్చుంటారని పాప దారంతా సణుగుతూనే ఉంది.

మేం స్కూలు గేటు దగ్గరికి చేరేసరికి బస్సు వస్తోంది. బావ మలుపు తిప్పేముందు తలని పూర్తిగా పక్కకి తిప్పి, కోడిలాగా చూసి, మళ్ళీ తిప్పి చూశాడు. పిల్లలు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ దిగారు. చివరి పిల్ల దిగేదాకా నేను ఊపిరి బిగబట్టే ఉన్నాను. బావ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని మమ్మల్ని చూశాడు. పాప చెయ్యి ఊపింది. ఆయన కూడా ఊపాడు. నేను స్కూటరు తిప్పుకుని వచ్చేశాను.

పదకొండింటికి బావ షాపుకి వచ్చాడు. ఏమీ అడగలేదు, తిన్నగా పరీక్ష గదిలోకి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. నేను వెనకే వెళ్ళి తలుపు వేశాను. ఎడమకన్ను మూసి అక్షరాల అట్ట చదవమన్నాను. గోడమీద అన్నిటికన్నా పెద్ద అక్షరం అరచెయ్యంత ఉంటుంది. అదెక్కడుందని అడిగాడు. దగ్గరికెళ్ళి మొహం ముందు వేళ్ళు చూపించాను. ఏదో కదులుతోందన్నాడు. లోపల లైటు వేసి చూశాను. కంటి వెనక పొర ఊడి, తడిసిన గోడ కాయితంలా ముడతలు పడి ఉంది.

మొదట్లో మెరుపులు కనబడేవట. తర్వాత ఒక మూల నుంచి తెర దిగిందట. ఫారం తెచ్చిన రోజుకి ఇంకా సగం చూపు ఉందట. ఇవన్నీ ఆయన ఎవరి కథో చెబుతున్నట్టు చెప్పాడు. సగం చూపు ఉన్నప్పుడు పెద్దాసుపత్రికి పంపి ఉంటే ఆ సగమైనా నిలిచేదేమో. ఇప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరిమీదో తెలియక ఆయనమీదే అరిచాను. నలభై మంది పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతూ ఎలా దాచావు, నాకైనా చెప్పొద్దా అన్నాను.

“చెప్పాలనే వచ్చానురా ఆ రోజు,” అన్నాడు బావ. “నా నోటితో చెప్పే ధైర్యం లేదు. ఈ కుర్చీలో కూర్చుంటే నువ్వే కనిపెడతావు, బస్సు ఆపేస్తావు అనుకున్నా. నువ్వు కూర్చోమనలేదు.”

నేను చేతిలో లైటు ఆర్పి బల్లమీద పెట్టాను.

“ముద్ర వేసిచ్చాక, పోనీలే, వాడే బాగుందన్నాడుగా అనుకున్నా. మనిషికి సాకు దొరికితే చాలు కదా. తప్పు నాదే, నీది కాదులే.” జేబులోంచి బస్సు తాళాలు తీసి బల్లమీద పెట్టాడు. “పాప ఎందుకు ఎక్కలేదో తెలుసు. ముందు అక్కకి చెబుదామా, స్కూలుకా?”

మూడున్నరకి బెల్లు కొడతారు. స్కూలుకే ఫోను చేశాను. హెడ్మిస్ట్రెస్‌గారు ఎత్తారు. డ్రైవరుగారికి ఒక కన్ను పూర్తిగా పోయిందని, సాయంత్రం బస్సుకి వేరే మనిషిని చూసుకోమని చెప్పాను. ఆవిడ కంగారుగా ఫారం వెతికించింది. దానిమీద ముద్ర నాదేనని, పరీక్ష చెయ్యకుండానే వేశానని కూడా చెప్పాను. బావ వద్దన్నట్టు చెయ్యి ఊపాడు, నేను ఆగలేదు. చెప్పేశాక కాస్త బరువు దిగినట్టే అనిపించింది.

అవతల కాసేపు కాయితాల చప్పుడు వినబడింది.

“ఏ రోజుకారోజు బస్సు ఎక్కని పిల్లల పేర్లు డ్రైవరుగారు ఆఫీసులో ఇస్తారండి,” అంది ఆవిడ నెమ్మదిగా. “ఈ రోజు ఒక్క పేరే ఉంది. మీ పాపది. అంటే ఈ సంగతి మీకు పొద్దున బస్సు బయల్దేరకముందే తెలుసన్నమాట?”

బావ కుర్చీలోంచి నాకేసి చూస్తున్నాడు, తల పూర్తిగా ఇటు తిప్పి.

అవునండి అన్నాను.