నీకెవరు పెడతారు దిష్టి

తలనొప్పి కూడా ఆ పిల్లకే రావాలి, ఉయ్యూరులో ఏసీ హాల్లో కూర్చుని రెండు ఐస్‌క్రీములు తిని వచ్చిన మనిషికి తలనొప్పేమిటో, కారు కంకిపాడు దాటిందో లేదో ముందుసీట్లో కణతలు నొక్కుకుంటూ అబ్బా అంది, అంతే, వెనకనుంచి అత్తయ్య అందుకుంది, నేననుకుంటూనే ఉన్నా, ఓణీల ఫంక్షనుకొచ్చిన జనం పెళ్ళికూతురిలా ముస్తాబైన ఓణీల పిల్లని వదిలేసి మా సుస్మితనే చూశారు, ఇంటికెళ్ళగానే దిష్టి తీయాలి అని, చెరకు ట్రాక్టర్ల వెనక కారు నత్తనడక నడుస్తున్నంతసేపూ, పటమటలో ఇల్లు చేరేదాకా అదే పాట, ఇప్పుడు వంటింట్లో ఉప్పు డబ్బా మూత తీస్తున్న మాణిక్యానికి ఆ పాట ఇంకా చెవుల్లోనే ఉంది, ఎందుకంటే అత్తయ్యకి భుజం పట్టేసింది, చెయ్యి పైకి లేవడం లేదు, ఈపూటకి నువ్వు తీసెయ్యవే మాణిక్యం అని ఆవిడే పురమాయించింది, తోడికోడలికి తన చేత్తో దిష్టి తీయడం, ఇదొక్కటే తక్కువైంది ఇన్నాళ్ళూ.

గుప్పిట్లో రాళ్ళుప్పు, మూడు ఎండుమిరపకాయలు, కాయలకి తొడిమలు ఉండాలా అక్కర్లేదా, చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి గాని ఎప్పుడూ గమనించలేదు, పోయిన శ్రావణంలో తనకి నాలుగు రోజులు జ్వరమొస్తే బిళ్ళ వేసుకుని పడుకో అన్నారు, అదే సుస్మిత రెండుసార్లు ఆవలిస్తే చాలు ఉప్పు డబ్బా మూత లేస్తుంది, పదేళ్ళ కిందట తను ఈ గుమ్మం తొక్కినరోజు ఎర్రనీళ్ళు తిప్పి హారతి ఇచ్చారు, అది ఏ కోడలికైనా ఇస్తారు, లోపలికొచ్చాక అమ్మ మొహమాటపడుతూ, పిల్ల బాగా అలిసిపోయింది వదినగారూ, కాస్త ఉప్పు దిగదుడిస్తే అంటే, అత్తయ్య పకపకా నవ్వి, మీ అమ్మాయికెవరు పెడతారండీ దిష్టి, అదే ఓ దిష్టిచుక్కలా ఉంటేను అంది, చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు, అమ్మ కూడా నవ్వింది, ఆ నవ్వొక్కటీ మాణిక్యం ఇప్పటికీ మరిచిపోలేదు, పోనీ అత్తయ్య గయ్యాళా అంటే కాదు, కాన్పప్పుడు పక్కనే కూర్చుని రాత్రంతా నడుము రాసింది, ఆ మాట అన్నట్టు కూడా ఆవిడకి గుర్తుండదు, అందుకే మరీ ఒళ్ళు మండుతుంది.

అక్కా, నీకెందుకక్కా శ్రమ, ఓ కాఫీ తాగితే అదే పోతుంది అంటోంది సుస్మిత హాల్లోంచి, ఇదొకటి, మంచిగా మాట్లాడుతుంది, తిట్టుకోవడానికి కూడా సందివ్వదు, గన్నవరం దగ్గర ఆఫీసు, సొంత స్కూటీ, పాలమీగడలాంటి ఆ చేతులు, పచ్చచీర కట్టినా బాగుంటుంది, పాతచీర కట్టినా బాగుంటుంది, బీసెంట్ రోడ్డులో తను వంగపండు రంగు పట్టుచీర భుజాన వేసుకుని అద్దంలో చూసుకుంటుంటే కొట్టువాడు అది లాగేసుకుని, ఇది చిన్న మేడమ్‌గారికండీ, మీ రంగుకి లైట్ కలర్స్ చూపిస్తానుండండి అన్నాడు, ఇవాళ సుస్మిత కట్టుకున్నది ఆ చీరే, తను కట్టుకున్నది వాడు చూపించిన గంధం రంగుది, అదీ పట్టే, ఎనిమిది వేలు, అయినా హాల్లో కూచిపూడి నుంచొచ్చిన బంధువులావిడ, బంగారు గాజుల చెయ్యి చాపి ఎంగిలి ప్లేటు తన చేతికిచ్చి, అమ్మాయ్, ఇది అక్కడ పడేసి కాసిని మంచినీళ్ళు పట్రా అంది, పక్కనే ఉన్న సుస్మిత, అయ్యో, ఆవిడ మా అక్కండీ, మా ఇంటి పెద్దకోడలు అని చెప్పింది, ఆవిడ సుస్మితకి సారీ చెప్పింది, సుస్మితకి, ప్లేటు పట్టుకుని నిలబడ్డ తనకి కాదు, తను నీళ్ళు తెచ్చే ఇచ్చింది, ఎందుకిచ్చిందో ఇప్పటికీ తెలియడం లేదు.

పీట మీద కూర్చో, తూర్పు ముఖంగా, ఆ, అంతే, సోఫాలో అత్తయ్య కాళ్ళు చాపుకుని చూస్తోంది, సుస్మిత బుద్ధిగా కళ్ళు మూసుకుంది, మూసిన కళ్ళు కూడా బాగున్నాయి ఖర్మ, మాణిక్యం గుప్పిడి తిప్పడం మొదలుపెట్టింది, ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఊళ్ళోవాళ్ళ దిష్టి, దారిన పోయేవాళ్ళ దిష్టి, ఆ తర్వాతది ఇంట్లోవాళ్ళ దిష్టి, అక్కడ నాలుక తడబడింది, చెప్పవే, ఆగిపోయావేం అంది అత్తయ్య, ఇంట్లోవాళ్ళ దిష్టి అంటే ఇంకెవరిది, నాలుగేళ్ళనుంచి ఈ పిల్ల కాఫీ కప్పు ఎత్తినా, జడ వేసుకున్నా, ఫోన్లో నవ్వినా కళ్ళప్పగించి చూసింది తనే కదా, ఆ చూపుకే నిజంగా బలముంటే సుస్మిత ఈపాటికి మంచం పట్టాలి, ఇంట్లోవాళ్ళ దిష్టి, అంది ఎలాగో, మూడుసార్లు తిప్పి, ఉప్పు సింకులో కరగబోసి, కాయలు స్టవ్ మీద వేస్తే ఘాటు రానేలేదు, చూశావా, ఎంత దిష్టో అని మురిసిపోయింది అత్తయ్య, సుస్మిత, థ్యాంక్స్ అక్కా, తల తేలికైంది అంటూ లేచి లోపలికి వెళ్ళింది.

ఖాళీ అయిన పీటకి రెండడుగుల దూరంలో చిన్ని నిలబడి ఉంది, తన కూతురు, ఎనిమిదేళ్ళది, అచ్చు తన రంగే, పట్టులంగా ఇంకా విప్పలేదు, పిన్నికి దిష్టి తీసిన ప్రతిసారీ అది ఇలాగే వచ్చి నిలబడుతుంది, సరదాకేమో అనుకునేది మాణిక్యం, ఇవాళ ఎందుకో, రా, నీకూ తీస్తా అంది, చిన్ని తల అడ్డంగా ఊపింది, ఏడవలేదు, అలగలేదు, రేపు స్కూలు లేదమ్మా అన్నంత మామూలుగా, నాకొద్దులే అమ్మా, నాకెవరు పెడతారు అంది, అత్తయ్య గొంతులో ఉండే ఆ విరుపుతో సహా, సోఫాలో అత్తయ్య నవ్వబోయి మాణిక్యం మొహం చూసి ఆగింది, ఈ మాట దీనికి ఎవరు నేర్పారని అడగబోయింది మాణిక్యం, అంతలోనే గుర్తొచ్చింది, పురిట్లో పిల్ల బుగ్గన చుక్క పెడదామని కాటుక తీస్తే, ఆ రంగు మీద ఎక్కడ కనపడుతుందే అని అత్తయ్య నవ్వినప్పుడు కాటుక భరిణె మూసేసింది తనే, మూసేసి నవ్వింది కూడా, అమ్మ నవ్వినట్టే, ఆ తర్వాత ఎనిమిదేళ్ళలో పిల్లకి ఎన్ని జ్వరాలు, ఎన్ని కొత్తబట్టలు, ఒక్కసారి, ఒక్క గుప్పెడు ఉప్పు తిప్పలేదు, తన చెయ్యి ఎవరూ పట్టుకుని ఆపలేదు, తన భుజమేమీ పట్టేయలేదు, మళ్ళీ వంటింట్లోకెళ్ళి గుప్పిడి నింపుకొచ్చింది, బలవంతంగా పీట మీద కూర్చోబెట్టింది, చిన్ని కళ్ళు మూసుకోలేదు, తల్లినే చూస్తోంది, పెద్ద కళ్ళు, చివరన కాస్త పైకి తిరిగిన రెప్పలు, ఎడమ కనుబొమ్మ మీద చిన్న పుట్టుమచ్చ, అది ఎప్పటినుంచి ఉందో తనకి తెలియదు, సుస్మిత మెడ మీద ఎన్ని మచ్చలున్నాయో తెలుసు, ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అని మొదలుపెట్టి, ఇంట్లోవాళ్ళ దిష్టి దాకా వచ్చి మాణిక్యం ఆగిపోయింది, ఈ పిల్లకి అమ్మ దిష్టి కూడా తగల్లేదు, అమ్మ ఎప్పుడూ ఇటు చూడనే లేదు.