నోటితో లాగిన మందు

పొద్దున్న తొమ్మిది కావస్తోంది. పొలం గట్టున ఆగిన ట్రాక్టరు ట్రాలీ మీద ఇరవై లీటర్ల గడ్డి మందు డబ్బా ఉంది. దాని చుట్టూ ముగ్గురు మనుషులు. ముగ్గురూ ముప్పై, నలభై ఏళ్ళు లారీలు తోలి, లైసెన్సులు పెట్టెలో పడేసి, పక్కపక్కనే ఉన్న చెలకల్లో మొక్కజొన్న పండించుకుంటున్నవాళ్ళు. విత్తనం వేసే ముందు తుంగను చంపాలి. అందుకని ముగ్గురూ కలిసి పెద్ద డబ్బా తెచ్చుకున్నారు. ఇక చిన్న క్యాన్లలోకి పంచుకోవడమే మిగిలింది.

లారీల కాలంలో వచ్చిన పేర్లే వాళ్ళకు ఇంకా నిలిచాయి. గొంతు పెద్దదైనవాడు హారన్. ఎప్పుడూ తొందరపడేవాడు టాప్‌గేరు. ప్రతి మలుపులోనూ కాలు నొక్కేవాడు బ్రేకు.

బ్రేకు ఆ రోజు మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, ముక్కుకి మాస్కు, కళ్ళకి అద్దాలు పెట్టుకుని వచ్చాడు. చేతిలో మగ్గు, గరాటా ఉన్నాయి.

"ఒరేయ్, చూడరా! కలుపు చంపడానికొచ్చాడా, కడుపు కోయడానికొచ్చాడా వీడు?" అన్నాడు హారన్.

"డాక్టరేంట్రా, బ్యాంకు దోచుకునేవాడిలా ఉంటేనూ" అన్నాడు టాప్‌గేరు.

"నవ్వండ్రా, నవ్వండి. ఆ డబ్బా మీద పుర్రె బొమ్మ ఎందుకేశారనుకున్నావు? నీ ఫోటో అనుకున్నావా?" అన్నాడు బ్రేకు, టాప్‌గేరుతో.

"నా ఫోటో అయితే మీసాలుండేవి కదరా."

"వీడి సంగతి నీకు తెలీదు" అంటూ హారన్ తొడ చరిచాడు. "ఓసారి ఘాట్ రోడ్డు దిగుతూ వీడి బండి వెనక ఇరుక్కున్నాను. నడిచెళ్తున్న ముసలమ్మ వీణ్ణి దాటేసి, వెనక్కి తిరిగి చూసి, 'అలిసిపోయావా నాయనా, చెయ్యి పట్టుకోనా' అంది!"

బ్రేకు కూడా నవ్వాడు. ముప్పై ఆరేళ్ళుగా వింటున్న మాటలే. ఆ ముప్పై ఆరేళ్ళలో ఒక్క మనిషిని కూడా గుద్దలేదన్న సంగతి మాత్రం వాళ్ళెవరూ ఎప్పుడూ చెప్పుకోలేదు. అందులో నవ్వడానికి ఏమీ లేదు మరి.

అతను మగ్గు తీశాడు. టాప్‌గేరు అడ్డం వచ్చాడు.

"మగ్గుతో పోస్తే సగం నేల తాగుతుందిరా. ఇదిగో, పైపు తెచ్చాను. వేసి లాగు."

అది లారీ డీజిలు ట్యాంకుల్లో వాడే నల్ల రబ్బరు పైపు. ఒక కొస ట్యాంకులో ముంచి, రెండో కొస నోట్లో పెట్టుకుని గుక్కలు లాగుతారు. డీజిలు పైకి రాగానే పైపు తీసి క్యాన్‌లోకి వంచుతారు. దారి మధ్యలో డీజిలు అయిపోయి, పక్కబండి సాయం చేసినప్పుడల్లా డ్రైవర్లు చేసే పనే. ఎక్కడ ఆపాలో తెలియడంలోనే ఉంది పనితనం. బ్రేకు ఆ పనిలో ఘనుడు. అతని నాలుకకు చుక్క డీజిలు తగలడం ఎవరూ చూడలేదు.

"అది డీజిలు. ఇది మందు" అన్నాడు బ్రేకు.

"అయితే?"

"అయితే నువ్వే లాగు."

"నాకు కట్టుడు పళ్ళురా బాబూ, గాలి నిలవదు. వీడికేమో దగ్గు. పనికొచ్చే నోరు మన ముగ్గురిలో నీదొక్కటే." టాప్‌గేరు ఒక్క క్షణం ఆగి, హారన్‌కి కన్ను కొట్టాడు. "పోన్లేరా, వదిలెయ్. ముసుగేసుకున్న నోరది. ఇప్పుడు దానికి పాలపీకే సరిపోతుంది."

హారన్ గొంతు పొలమంతా మోగేలా నవ్వాడు. పక్క చేలో పనిచేస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు కూడా తలెత్తి చూసి నవ్వారు.

చదువుతున్న మీలో ఎవరైనా అక్కడ ఉంటే బహుశా నవ్వే ఉండేవారు. అందులో తప్పుందని కూడా అనిపించేది కాదు.

బ్రేకు మాస్కు గడ్డం కిందకు లాగి, పైపు అందుకున్నాడు.

లారీ ట్యాంకులో డీజిలు అడుక్కి ఉంటుంది. పైకి రావడానికి నాలుగు గుక్కలు పడుతుంది. ముప్పై ఆరేళ్ళుగా అతని ఊపిరికి తెలిసిన లెక్క అదే. కానీ ఈ డబ్బా మూత దాకా నిండుగా ఉంది. నల్ల పైపులో ఏముందో కంటికి కనబడదు. మొదటి గుక్క గాలి. రెండో గుక్క అతను గట్టిగా లాగాడు. నోరంతా మందు.

పైపు విసిరేసి ఉమ్మేశాడు. బోరు మోటారు దగ్గరకు పరుగెత్తి నోరు కడుక్కున్నాడు. వెనక నుంచి నవ్వులు.

"రుచెలా ఉందిరా?"

"మీ మాటల కంటే నయమే" అన్నాడు బ్రేకు, మూతి తుడుచుకుంటూ.

ఉమ్మేయక ముందే ఒక గుక్క గొంతు దిగింది. ఆ సంగతి అతనికి తెలుసు. ఈ మందు లోపలికి వెళ్తే విరుగుడు లేదని వ్యవసాయాధికారి చెప్పిన మాటా తెలుసు. మగ్గూ గరాటా తెచ్చుకున్నది అందుకే. 'నేను మింగానురా, ఆసుపత్రికి తీసుకెళ్ళండి' అన్నది ఒక్క మాట. ఆ మాట నోటి దాకా వచ్చింది. ఎదురుగా ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. మాట వెనక్కి వెళ్ళిపోయింది.

పంపు భుజానికి తగిలించుకుని మధ్యాహ్నం దాకా మందు కొట్టాడు.

ఇంట్లోనూ చెప్పలేదు. రోడ్డు మీద జరిగింది గడప లోపలికి తేకూడదన్నది డ్రైవర్లు తమకు తాము పెట్టుకున్న కట్టుబాటు. ఒకసారి టైరు పేలి లారీ గట్టుకు కొట్టుకున్న సంగతి అతని భార్యకు నాలుగేళ్ళ తర్వాత, వీపు మీద మచ్చ చూసి తెలిసింది. మందు మింగిన ఆ రోజు కూడా అతను పశువుల కొట్టం వెనక రెండుసార్లు వాంతి చేసుకుని, మట్టి కప్పి వచ్చాడు.

"అన్నం వదిలేశావేంటి?" అందామె.

"ఎండ దెబ్బ. మజ్జిగ ఇవ్వు చాలు."

రెండో రోజు గొంతు నొప్పన్నాడు. మూడో రోజు పొద్దున్న మంచినీళ్ళ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని, మింగలేక, కళ్ళల్లో నీళ్ళు పెట్టుకున్నాడు. ఆమె బలవంతాన నోరు తెరిపించి చూసింది. నాలుక తెల్లగా పొక్కి, తోలు ఊడి వస్తోంది. ఆమె కేక విని పక్కింటివాళ్ళు ఆటో తెచ్చారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నోట్లోకి టార్చి వేసి చూసింది. రక్తం తీయించింది. కాగితం వచ్చాక బల్ల మీద పెట్టి అడిగింది.

"గడ్డి మందు ఎప్పుడు తాగాడమ్మా?"

"తాగడమేంటండీ?" అంది భార్య.

అంతే. ఆ గదిలో ఆమెను చూసే చూపులు మారిపోయాయి.

గంటలో కానిస్టేబుల్ వచ్చాడు. "ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా? మాటా మాటా అనుకున్నారా?" ఆమె లేదంటున్నకొద్దీ అతను రాసుకుంటూనే ఉన్నాడు. బ్రేకు వాళ్ళ అక్క వరండాలోంచే మొదలెట్టింది.

"మా తమ్ముడు చీమకి కూడా అపకారం చెయ్యడు. అలాంటివాడు మందు తాగాడంటే, నువ్వెంత మాట అనుంటావే!"

"నేనేం అనలేదు వదినా. నా మీద ఒట్టు!"

"నీ మీద ఒట్టెందుకు? పోయేది నువ్వు కాదుగా."

మంచం మీద బ్రేకు తల అడ్డంగా ఊపుతున్నాడు. గొంతు పూర్తిగా వాచి, మాట రావడం లేదు. సంతకం తప్ప రాయడం రాదు. కానిస్టేబుల్ వంగి అడిగాడు. "కావాలని తాగావా పెద్దాయనా?" బ్రేకు మళ్ళీ తల అడ్డంగా ఊపాడు.

"అందరూ కాదనే అంటారు" అన్నాడు కానిస్టేబుల్, విసుగ్గా.

అప్పుడు బ్రేకు పిడికిలి గొట్టంలా చుట్టి పెదాల దగ్గర పెట్టుకున్నాడు. బుగ్గలు లోపలికి లాగాడు. ఒకసారి. రెండోసారి. ఆ పిడికిలి తీసి మంచం అంచు కిందకి వంచాడు.

"చూశారా, తాగానని ఆయనే చెబుతున్నాడు" అంటూ కానిస్టేబుల్ ఇంకో వాక్యం రాశాడు.

ఆ సైగ అర్థమైన మనిషి ఆ వార్డులో ఒక్కడే ఉన్నాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ హారన్.

అతను గబగబా బయటికి నడిచాడు. మెట్ల దగ్గర టాప్‌గేరు బీడీ ముట్టిస్తున్నాడు.

"మింగాడ్రా వాడు. ఆ రోజు మింగాడు" అన్నాడు హారన్. అతని గొంతు అంత చిన్నగా రావడం టాప్‌గేరు ఎప్పుడూ వినలేదు.

"ఉమ్మేశాడు కదరా?"

"మింగాక ఉమ్మేశాడు. లోపల వాడి భార్యని పట్టుకుని పీక్కుతింటున్నారు. పద, చెబుదాం."

టాప్‌గేరు అతని చెయ్యి పట్టుకున్నాడు. "ఏమని చెబుతావు? పైపు మనం ఇచ్చామనా? నోటితో లాగమన్నామనా? రేపు పోలీసులు మన గుమ్మాల్లో కూర్చుంటారు. మనమేమన్నా మింగమన్నామా? చిన్నపిల్లాడేంటి వాడు?"

"మరి ఆవిడ సంగతి?"

"నాలుగు రోజులు అనుకుంటారు. మర్చిపోతారు."

హారన్ ఆ మెట్ల మీద కూలబడ్డాడు. అరగంట కూర్చున్నాడు. అబద్ధమెందుకు, ఆ అరగంటలో అతను స్నేహితుడి గురించి ఆలోచించలేదు. పోలీసుల గురించి, కొడుకుల గురించి, నలుగురిలో పరువు గురించి ఆలోచించాడు. టాప్‌గేరు మాట సబబుగానే తోచింది. లేచి ఇంటికి వెళ్ళిపోదామనే లేచాడు.

కిటికీలోంచి అక్కగారి గొంతు వినబడింది. "నా తమ్ముణ్ణి ముట్టుకోవద్దు! నీ చేత్తో చుక్క నీళ్ళు కూడా పొయ్యొద్దు!"

హారన్ వెనక్కి తిరిగాడు. వార్డులోకి వెళ్ళి, కానిస్టేబుల్ ఎదురుగా నిలబడ్డాడు.

"రాసింది కొట్టెయ్యి బాబూ. వాడు చావడానికి తాగలేదు. మేం పైపు ఇచ్చాం. మగ్గుతో పోసుకుంటానంటే ఎగతాళి చేసి, నోటితో లాగించాం. మొన్న పొద్దున్న తొమ్మిదింటికి. రాసుకో. నా పేరు కూడా రాసుకో."

కానిస్టేబుల్ డాక్టరమ్మ వైపు చూశాడు. ఆమె చేతిలోని కాగితం మడిచింది.

"మొన్న పొద్దున్నా? అప్పుడే తీసుకొచ్చి ఉంటే, బతికించే ప్రయత్నమైనా చేసేవాళ్ళం. ఇప్పుడు కిడ్నీలు పోయాయి. ఊపిరితిత్తులు కూడా పోతాయి. ఈ మూడు రోజులూ ఎవరికీ ఎందుకు చెప్పలేదాయన?"

అక్కగారు గోడ వైపు తిరిగింది. క్షమించమని అనలేదు. నిందకు ఉన్న తొందర క్షమాపణకు ఎక్కడుంటుంది?

డాక్టరమ్మ ప్రశ్నకు జవాబు ఐదో రోజు దొరికింది. భార్య తడిగుడ్డతో పెదాలు తడుపుతుంటే, బ్రేకు ఆమె చెవిని దగ్గరకు లాక్కున్నాడు.

"ఎందుకు చెప్పలేదయ్యా నాకు?" అని అడిగింది ఆమె.

"నవ్వుతారని" అన్నాడు, గాలి తప్ప గొంతు లేకుండా.

ఆమెకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగింది. అతను మళ్ళీ అదే మాట అన్నాడు. లారీ తోలిన ముప్పై ఆరేళ్ళూ ఎవరెంత నవ్వినా బ్రేకు మీద నుంచి కాలు తీయనివాడు, పొలం గట్టు మీద, ఒక్క పూట, ఒక్క నవ్వుకు తీశాడు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఊపిరి అందక పోయాడు.

ఇంటి ముందు జనం మూగారు. పాడె లేపే వేళకు హారన్ ముందుకొచ్చి కొమ్ము పట్టుకోబోయాడు. అతని వెనకే టాప్‌గేరు కూడా వచ్చాడు. అక్కగారు అరిచింది.

"ఛీ, దూరం జరగండి! మీ చేతులు పడకూడదు!"

టాప్‌గేరు తల వంచుకుని గొణిగాడు. "ఏదో సరదాకి అన్నామమ్మా. ఇలా అవుతుందని ఎవరనుకున్నారు?"

అప్పటిదాకా రాయిలా కూర్చున్న బ్రేకు భార్య లేచింది. ఆమె ఏడవలేదు.

"వాళ్ళని మొయ్యనివ్వండి వదినా. జీవితమంతా లోడ్లు తోలినవాళ్ళు. ఈ బరువెంతుందో కూడా తెలుసుకోనివ్వండి." ఇద్దరి వైపూ తిరిగింది. "సరదాకే అన్నారన్నయ్యా, నాకు తెలుసు. చంపాలని ఎవరన్నారు? మా ఆయన ఆ తొడుగులు, ఆ ముసుగు వేసుకుంది భయపడి కాదు. ఇంకొన్నాళ్ళు నాతో బతకాలని. దాన్ని చూసి మీరు నవ్వారు. పక్క చేలో వాళ్ళూ నవ్వారు. నేనున్నా నవ్వేదాన్నేమో. విషం కడుపులో పడ్డాక కూడా ఆయన ఆ నవ్వుకే భయపడి నోరు మూసుకున్నాడు."

ఎవరో వెక్కారు. హారన్ కొమ్ము భుజానికెత్తుకున్నాడు. రెండో కొమ్ము టాప్‌గేరు పట్టుకున్నాడు.

ఆమె అక్కడున్న ప్రతి మొహాన్నీ చూసి, అందరికీ వినబడేలా చెప్పింది.

"జాగ్రత్తపడే మనిషిని పిరికివాడని నవ్వడం ఇవాళైనా మానెయ్యండి. మానకపోతే, రేపు ఇంకో ఇంటి మనిషిని కూడా ఇలాగే మోస్తారు."