వకీల్‌సాబ్ బండికి ఇంకో ఇంజన్

బీరయ్య మోటారుకారు ఎడమ దీపం అద్దాన్ని గుడ్డతో తుడిచి, నోటి ఆవిరి ఊది మళ్లీ తుడిచాడు. ఆ మోటారు నడవదని అతనికి తెలుసు. ఆయుధపూజ ముందురోజు ఇంజన్ బిగుసుకుపోయింది. అప్పట్నుంచి దానికి ఉలుకూ పలుకూ లేదు. అయినా పొద్దున్నే ఖైరతాబాద్ నుంచి నడిచొచ్చి, గన్‌ఫౌండ్రీలో వకీలు వామన్‌రావు ఇంటి వెనక షెడ్డులో తుడుస్తూనే ఉన్నాడు. చచ్చిన బర్రెకు కుడితి పెడుతున్నాడని వంటామె నవ్వింది. నవ్వితే నవ్వనీ! ఆ పని లేకపోతే బీరయ్యకు తెల్లవారినట్టే ఉండదు.

బండి తోలుతూ కిటికీ మీద ఆనించీ ఆనించీ అతని కుడి మోచెయ్యి ఎండకు మాడి, ఎడమదానికంటే రెండింతలు నల్లబడింది. ఖాకీ కోటుకు ఒక ఇత్తడి గుండీ ఊడితే చొక్కా గుండీ కుట్టుకున్నాడు. కరువుకు తాళలేక పాలమూరు పల్లె నుంచి వచ్చిన ఈ మనిషి పుట్టి బుద్ధెరిగి నడిపింది ఈ ఒక్క బండినే. వకీలు భార్య ప్రభావతమ్మను కాన్పుకు దవాఖానకు తీసుకెళ్లింది ఇందులోనే. పుట్టిన శ్యామ్‌సుందర్ పెద్దవాడయ్యాక, చేతిమీద చెయ్యి వేసి స్టీరింగు నేర్పింది ఇతనే. రజాకార్ల గొడవల్లో ఇంటిల్లిపాదినీ బెజవాడ చేర్చినప్పుడు వామన్‌రావు కళ్లనీళ్లు పెట్టుకుని, "బీరయ్యా, నువ్వు మా ఇంటి మనిషివి" అన్నాడు. ఆ మాటను బీరయ్య ఇన్నాళ్లూ దేవుడి పటంలా దాచుకున్నాడు.

ఇంకో ఇంజన్ వేయించాలా, బండిని పాత ఇనుముకు అమ్మేయాలా అన్నది ఇవాళ తేలాలి. అమ్మేస్తే బీరయ్య పని అయిపోయినట్టే. ఒక్క బండి తప్ప ఎరగని ముసలి డ్రైవరును ఎవరు పెట్టుకుంటారు?

హమాలీలు బండిని వెనక నుంచి కార్ఖానాకు తోస్తుంటే బీరయ్య స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. ఆబిడ్స్‌లో హోటల్ ముందు చాయ్ తాగుతున్నవాళ్లకు మంచి వేడుక దొరికింది.

"ఏందన్నా, బండి హర్తాళ్ చేసిందా?"

"జర సుస్తైంది. దవాఖానకు తోల్కపోతున్న" అన్నాడు బీరయ్య.

నాంపల్లి స్టేషన్ వెనక అంజయ్య మేస్త్రీ కార్ఖానా. మేస్త్రీ ఇంజన్ మూత విప్పి, లోపల వేలితో రాసి వాసన చూశాడు. బీదరు రోడ్డు మీద చెట్టుకు గుద్దుకున్న ఇలాంటి బండే ఒకటి అతని దగ్గరుంది. దాని ఇంజన్‌కు ఏమీ కాలేదు.

"గది దీంట్ల పెట్టొచ్చు. మల్ల పదేండ్లదాక ఫికర్ లేదు" అన్నాడు. బీరయ్యకు ప్రాణం లేచొచ్చింది.

కాసేపటికి వామన్‌రావు రిక్షా దిగాడు. మేస్త్రీ ఆయనకు కుర్చీ తుడిచి వేశాడు.

"మార్చుతె బండి బాగైతది సాబ్. గని దీన్ని నీళ్లు లేకుండ తోలిన్రు. గసోంటోని చేతిల పెడ్తె రేపు గిదీ గట్లనే కాలిపోతది. ఎవలు తోలిన్రు?"

బీరయ్య ధైర్యంగానే నిలబడ్డాడు. ఏటా ఆయుధపూజ ముందురోజు అతను రేడియేటర్లో నీళ్లు విడిచేసి, తుప్పు కడిగి ఖాళీగా ఉంచుతాడు. తాళంచెవిని దేవుడి గూట్లో కత్తిపీట పక్కన పెడతారు. మర్నాడు పసుపు కలిపిన కొత్తనీళ్లు పోసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించేదాకా దాన్ని ఎవరూ ముట్టరు. ఈ ఏడూ, "నీళ్లు ఇడ్సిన సాబ్, రేపటిదాక బండి కదల్దు" అని వామన్‌రావుకు చెప్పే వెళ్లాడు. ఆ సాయంత్రం కొడుకు శ్యామ్ టాంక్‌బండ్ మీదికి షికారు పోతానని పట్టుబడితే, గూట్లోంచి తాళంచెవి తీసిచ్చింది వామన్‌రావే. మర్నాడు షెడ్డులో తలవంచుకుని ఆ సంగతి తనే ఒప్పుకున్నాడు కూడా.

"మా డ్రైవరే" అన్నాడు వామన్‌రావు. "నీళ్లు పోసుడు మర్చిండు. వయసైంది కద."

బీరయ్య గిరుక్కున ఆయన వైపు తిరిగాడు. పూజకు ముందు గూట్లో చెయ్యి పెట్టానని ఆయన ప్రభావతమ్మకు భయపడి చెప్పుకోలేదన్నమాట! ఇంట్లో ఏం చెప్పాడో ఇక్కడా అదే చెబుతున్నాడు. ఎంత అన్యాయం! పరాయివాడు అంటే దులిపేసుకోవచ్చు. ఈయన అన్నాడే!

"సాబ్, ఆ తాళంచెవి..."

"ఇంజన్ మార్చు మేస్త్రీ" అన్నాడు వామన్‌రావు తొందరగా.

బీరయ్య నోరు మూసుకున్నాడు. పోనీ, నింద తన నెత్తిన పడితే పడింది, బండి బతికింది. దాంతోపాటు తనూ బతికాడు. ఆ మాత్రానికి నిందను మింగగలననుకున్నాడు.

"బండి తయారైనంక మా శ్యామ్ తోలుకుంటడు. బీరయ్యా, నువ్వు ఇగ ఇంటికాడ ఆరాం చెయ్యి" అన్నాడు వామన్‌రావు, గొడుగు పిడిని చూస్తూ.

బీరయ్య కోటు గుండీలు సర్దుకున్నాడు.

"ఔ సాబ్" అన్నాడు. "చిన్నసాబ్‌కు చెప్పుండ్రి, ఎక్కెటప్పుడు నీళ్లు సూస్కోమని."

వామన్‌రావు ముఖం ఎర్రబడింది. మేస్త్రీ ఒకసారి ఆయన్నీ, ఒకసారి బీరయ్యనూ చూసి పానా చేతికి తీసుకున్నాడు.

బీరయ్య బండి తలుపు తీశాడు. పొట్టివాడు కావడంతో ముందు దారి కనపడదని భార్య పూలమ్మ పాత చీర మడతలతో కుట్టిచ్చిన మెత్త సీటు మీద ఉంది. దాన్ని తీసి చంకలో పెట్టుకున్నాడు. వెనుదిరిగేసరికి వామన్‌రావు తన చంకలోని మెత్తనే చూస్తున్నాడు. ఈపాటికే నీళ్లు మరిచినవాడయ్యాడు. చంకలో మూటతో గేటు దాటితే సాయంత్రానికి దొంగ కూడా అవుతాడేమో! ఇన్నేళ్లలో ఆ ఇంటివాళ్ల గురించి బీరయ్యకు అలాంటి భయం కలగడం అదే మొదలు. మెత్తను ఎక్కడిది అక్కడే పెట్టి తలుపు మెల్లగా వేశాడు. రెండు చేతులూ ఊపుకుంటూ, అందరికీ కనపడేలా, గేటు దాటి వెళ్లిపోయాడు.

డ్రైవరు సీటులో, నీలంచుల చీర మెత్త మధ్య, అతను కూర్చున్న గుంట అలాగే ఉంది.